హోల్కారు జట్టు, బందరు పేరు

బందరులో కోనేరు సెంటరు దగ్గర సాయంకాలము నలుగురు గుమిగూడినచోట క్రికెట్టు ప్రస్తావన వచ్చినచో, ఎవరో యొకరు తప్పక అను మాట యొకటి కలదు. "ఎన్ని చెప్పండి, ఇండియాకు మొట్టమొదటి టెస్టు కెప్టెను మన బందరువాడే గదా!" అని. అక్కడ గుడివాడవారెవరైన నున్నచో ఊరకుండరు. "ఆయన పుట్టినది నాగపూరులో, ఆడినది ఇందోరులో. మధ్యలో మీ ఊరెక్కడ వచ్చినదండీ?" అని యందురు. దివిసీమవారు కొంతసేపు రెండు పక్షములు విని, అవనిగడ్డ బస్సుకు వేళయైనదని లేచిపోవుదురు. ఈ తగవు ఎన్నడును తెగినది కాదు. మేమును ఆ గుంపులో నిలిచి బందరు పక్షము వాదించినవారమే.

అయితే ఆ వాదములో మేము ఒక సంగతి మరచుచుంటిమి. నాయుడుగారి పేరు చెప్పుకొందుము గాని, ఆయన నడిపిన జట్టు పేరెత్తము. 1932లో లార్డ్సు మైదానమున టెస్టు ఆడిన భారత జట్టు మాట కాదు మేము చెప్పునది; అది అందరికిని తెలిసినదే. ఇందోరు సంస్థానపు హోల్కారు జట్టు మాట. ఆ జట్టు 11 సంవత్సరములలో 10 పర్యాయములు రంజీ కప్పు ఫైనలుకు వచ్చెను. 4 పర్యాయములు గెలిచెను. 6 పర్యాయములు ఓడెను. పిమ్మట ఆ పేరే జాబితాలనుండి తొలగిపోయెను. ఆ జట్టు చరిత్ర ఈ పూట శ్రోతలకు విన్నవింపదలచితిమి. బందరు తగవు సంగతి తరువాత చూతము.

కొట్టారి కనకయ్య నాయుడుగారు 1895 అక్టోబరు 31వ తేదీన నాగపూరులో జన్మించిరి. తెలుగింటి బిడ్డ. వారి పూర్వులు బందరు వారని పెద్దలు చెప్పుచుందురు. తాతగారు నారాయణస్వామి నాయుడుగారు నాగపూరులో ప్లీడరుగా పేరుపొంది, ఊళ్ళు సంపాదించి, కాంగ్రెసు మహాసభ తొలినాళ్ళలోనే అందు పాల్గొన్నవారు. తండ్రి సూర్యప్రకాశరావుగారు కేంబ్రిడ్జిలో న్యాయశాస్త్రము చదివినవారు. ఇట్టి యింట పుట్టిన కనకయ్యగారికి కోర్టుపై గాక బంతిపై మనసు నిలిచినది. 1916లో బొంబాయిలో హిందూ జట్టు పక్షమున యూరోపియనులతో ఆడిన తొలి పెద్దయాటలో, మొదటి మూడు బంతులు అడ్డుకొని నాలుగవ బంతిని సిక్సరు కొట్టిరి. పెద్ద ఆటలలో ఆయన తీసిన మొట్టమొదటి పరుగులు ఆ ఆరే.

1923లో ఇందోరు మహారాజు తుకోజీరావు హోల్కారుగారు ఆయనను పిలిపించి తమ సైన్యమున కెప్టెను పదవి యిచ్చిరి. తరువాత కర్నలు అయిరి. నేటి పిల్లలకు ఇది విడ్డూరముగా తోచును. క్రికెట్టు ఆడువానికి సైన్యములో పదవి యేమిటి? ఆ కాలపు పద్ధతి అది. ఆటగానికి ఆట పేరున జీతమిచ్చుట మర్యాద కాదనుకొను రోజులు. కాని ఆటగాడు గాలి భోంచేసి బ్రతుకజాలడు గదా! కావున మహారాజులు వారికి సైన్యములోనో, సంస్థానపు కొలువులోనో ఒక ఉద్యోగము కల్పించి, ఆటకు తీరిక యిచ్చెడివారు. పేరునకు ఉద్యోగులు, పనికి ఆటగాండ్రు. 2008లో మొదలైన వేలములలో ఆటగాండ్రను కోట్లకు కొనుచుండగా చూచిన మనకు, ఆ కొలువు జీతములు అత్యల్పములు. అయినను మన దేశమున ఆటయే వృత్తిగా జీవించిన మొదటి తరములలో వీరిని చేర్పక తప్పదు.

రంజీ పోటీలు 1934–35లో ఆరంభమైనవి. మొదట ఇందోరు ప్రాంతపు వారు మధ్యభారత జట్టు పేరున ఆడిరి. హోల్కారు పేరుతో ప్రత్యేక జట్టు 1941–42లో రంగమున దిగెను. అప్పటికి మహారాజు యశ్వంతరావు హోల్కారుగారు. నాయుడుగారికి అప్పటికే నలుబదియైదు దాటినవి. ఆ వయసున ఆటగాండ్రు సాధారణముగా బ్యాటు అటకమీద పెట్టి, పాత కబుర్లు చెప్పుకొనుచు కాలము గడుపుదురు. ఈయన ఒక జట్టును కూర్చుటకు పూనుకొనిరి.

కూర్చిన జట్టు సామాన్యమైనది కాదు. ఇందోరు కుర్రవాడైన ముస్తాక్ అలీని బాల్యముననే గుర్తించి చేరదీసిరి. ఆ కుర్రవాడే 1936లో మాంచెస్టరులో 112 పరుగులు చేసి, విదేశపు టెస్టులో శతకము కొట్టిన మొదటి భారతీయుడైనాడు. చందూ సర్వటే యుండెను. 1946లో ఇంగ్లండులో సర్రే జట్టుపై, పదియవవాడును పదునొకండవవాడును కలసి చివరి వికెట్టునకు 249 పరుగులు జోడించిరని చదివినచో నమ్మబుద్ధి కాదు. అందొకరు ఈ సర్వటే, రెండవవారు షుటే బెనర్జీ. భావుసాహెబు నింబాల్కరు యుండెను. ఆయన కథ మరియు చిత్రము. 1948లో పూనాలో మహారాష్ట్ర పక్షమున కాఠియవాడుపై 443 పరుగులు చేసి అవుటు కాక నిలిచియుండెను. బ్రాడ్మను చేసిన 452 అందుకొనుటకు ఇంక పది పరుగులకు లోపే కావలెను. అంతలో ఎదుటి జట్టువారు ఇక ఆడము పొండని మూటాముల్లె సర్దుకొని వెళ్ళిపోయిరి! అంత ఆటగానికి జీవితమున ఒక్క టెస్టయినను ఆడు అవకాశము దక్కలేదు. హీరాలాలు గైక్వాడు, జగ్దాలే, రంగ్నేకరు, భండార్కరు, ఇట్లు ఇంకను పలువురు.

మరియొక తెలుగు పేరు. కనకయ్యగారి తమ్ముడు సుబ్బన్న నాయుడు. అన్నకంటె పందొమ్మిదేండ్లు చిన్న. లెగ్ స్పిన్ను బౌలరు. ఈ తమ్ముని సంగతి ఇప్పుడు చెప్పబోవు ఆటలో వచ్చును.

1944–45 సంవత్సరపు ఫైనలు బొంబాయిలో జరిగెను. అది యుద్ధకాలము. ఇంగ్లండు ఆటగాడు డెనిస్ కాంప్టను సైనికుడుగా ఇందోరు ప్రక్కనున్న మౌ కంటోన్మెంటులో నుండుటచే హోల్కారు జట్టులో చేరెను. ఎదుట విజయ్ మర్చంటుగారి బొంబాయి. ఆ రోజులలో ఫైనలుకు ఇన్ని దినములని గడువు లేదు. ఫలితము తేలువరకు ఆడవలసినదే. మన యెద్దుబండి ప్రయాణము వలె, ఊరు చేరునంతవరకు సాగును.

బొంబాయివారు మొదట 462 చేసిరి. హోల్కారువారు 360. రెండవ విడత బొంబాయి 764 పరుగులు చేసెను. అందు మర్చంటుగారివే 278. ఇక హోల్కారు గెలువవలెనన్నచో 867 పరుగులు చేయవలెను. శ్రోతలు ఈ అంకెను మరియొకసారి వినవలెను: ఎనిమిదివందల అరువదియేడు! సామాన్యముగా ఏ జట్టయినను ఇంత మాట వినినంతనే చేతులెత్తి, సాయంత్రము బండికి టిక్కెట్లు కొనుక్కొనును. వీరు ఆడిరి. ముస్తాక్ అలీ మొదటి విడత 109 చేసినవాడు రెండవ విడతలోను 139 చేసెను. కాంప్టను 249 చేసి అవుటు కాకుండ నిలిచెను. ఆ కాంప్టనుకు ఒక ధనికుడు వంద దాటిన ప్రతి పరుగునకు ఇంత సొమ్మిత్తునని మాట యిచ్చెననియు, తీర ఆట ముగియునప్పటికి ఆ పెద్దమనిషికి పొరుగూరిలో అత్యవసరమైన పని తగిలెననియు ఒక కథ చెప్పుకొందురు. జట్టు మొత్తము 492 చేసి 374 పరుగుల తేడాతో ఓడెను. రెండు జట్లును కలసి ఆ యొక్క ఆటలో 2,078 పరుగులు చేసిరి.

ఇప్పుడు సుబ్బన్న నాయుడు. బొంబాయివారు రెండు విడతలలో చేసిన ఆ 1,226 పరుగులలో బంతి వేసి వేసి అలసినవాడతడు. ఆ యొక్క ఆటలో 152 ఓవర్లును ఐదు బంతులును వేసెను. లెక్కకు 917 బంతులు. ఒక పెద్ద ఆటలో ఒక బౌలరు వేసిన బంతులలో ప్రపంచమున అంతకు మించినది లేదు. 11 వికెట్లు తీసెను, 428 పరుగులు ఇచ్చెను. ఆ పరుగుల లెక్కయు రికార్డే. శతకము చేసినవాని పేరు బంగారు అక్షరములతో వ్రాయుదురు. 917 బంతులు వేసి ఓడిన జట్టులో నిలిచినవాని పేరు ఎక్కడో చిన్నయక్షరములలో నుండును. మాకు మాత్రము, హోల్కారు జట్టు గౌరవములను వెండి కప్పులతో గాక ఈ 917 బంతులతో మొదలుపెట్టవలెనని తోచును. కోతల వేళ మా దివిసీమ చేలలో తెల్లవారుజామున వంగినవాడు ప్రొద్దు గ్రుంకువరకు నడుమెత్తడు. పండిన గింజ ఎవరి గాదెలో పడునో వానికి తెలియును. అయినను కొడవలి ఆగదు.

మరుసటి సంవత్సరము, అనగా 1945–46లో, ఆ యోటమికి ప్రతిగా అన్నట్లు, హోల్కారువారు తమ యూరిలో మైసూరు జట్టుపై సెమీఫైనలు ఆడిరి. 8 వికెట్లకు 912 పరుగులు చేసి, ఇక చాలునని డిక్లేరు చేసిరి. అందు ఆరుగురు శతకములు చేసిరి. భండార్కరు 142, సర్వటే 101, జగ్దాలే 164, నాయుడుగారు 101, నింబాల్కరు 172, ప్రతాపసింగు 100. ఒక విడతలో ఆరుగురు శతకములు చేయుట అంతకుముందు ప్రపంచమున ఎక్కడను జరుగలేదు. అప్పటికి నాయుడుగారి వయసు ఏబది. జట్టులోని కుర్రవాండ్రు పరుగులు చేయుచుండగా నాయకుడు నీడను కూర్చుండి చప్పట్లు కొట్టినను తప్పు పట్టువారుండరు. ఆయన తానును వంద చేసి వచ్చి కూర్చుండిరి.

అంతటితో ఆగలేదు. ఫైనలులో బరోడాపై, ఆ యేబదియేండ్ల వయసుననే, 200 పరుగులు చేసిరి. హోల్కారు 56 పరుగుల తేడాతో గెలిచెను. మొదటి రంజీ కప్పు ఇందోరు చేరెను.

శ్రోతలలో ఏబది దాటినవారు ఒక్కసారి ఆలోచింపవలెను. మేడమెట్లెక్కి వచ్చి ఆయాసపడుచు మంచినీళ్ళడుగు వయసది. మార్చి నెల యెండలో వికెట్ల మధ్య పరుగెత్తి, ఎదుటి బౌలర్లు అలసిపోవువరకు నిలిచి రెండువందలు చేయుట మాటలు కాదు. ఆయన శరీరమును చూచుకొన్న తీరు, క్రమశిక్షణ, అందరికిని తెలిసినదే. ఆ కఠినత్వమును తనకింద ఆడువారి మీదను విధించెడివారు. ఇది కొందరికి నచ్చలేదు. నాయుడుగారి నాయకత్వమున ఆడుట సుఖము కాదని చెప్పుకొన్నవారు లేకపోలేదు. గొప్ప జట్లకు నాయకులైనవారు అందరికిని ఇష్టులై యుండుట అరుదే.

పైవత్సరము బరోడా ప్రతీకారము తీర్చుకొనెను. 1946–47 ఫైనలులో హోల్కారు 202 పరుగులకే కూలెను. పిమ్మట విజయ్ హజారే, గుల్ మహమ్మదు అను ఇరువురు కలసి నాలుగవ వికెట్టునకు 577 పరుగులు చేసిరి. హజారే 288, గుల్ మహమ్మదు 319. ఏ వికెట్టుకైనను ప్రపంచమున అంతటి జోడి మరల 2006లో గాని రాలేదు. అప్పుడు సింహళపు జయవర్ధనే, సంగక్కరలు 624 చేసిరి. బరోడా మొత్తము 784. హోల్కారు రెండవ విడత 173. ఒక ఇన్నింగ్సు, 409 పరుగుల తేడాతో ఓటమి. అంతకు క్రిందటి ఏడాది కప్పు మోసికొనిపోయిన జట్టునకే ఈ గతి. ఆటలో అహంకారమునకు తావు లేదని ఇట్టిచోట తెలియును.

ఓడినవారు మరల వచ్చిరి. 1947–48లో ఇందోరులో బొంబాయిని 9 వికెట్లతో ఓడించి రెండవసారి కప్పు గెలిచిరి. అది దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన సంవత్సరము; సంస్థానములు ఒక్కటొక్కటిగా విలీనమగుచుండెను. సంస్థానము పోయినను జట్టు పేరు మరికొన్నేండ్లు నిలిచెను. 1948–49లో ఫైనలుకు రాలేదు. 1949–50లో మరల బరోడా చేతిలో ఓటమి. 1950–51లో గుజరాతుపై గెలుపు. 1951–52లో బొంబాయి చేతిలో 531 పరుగుల ఘోరమైన ఓటమి. 1952–53లో కలకత్తాలో బెంగాలుపై మొదటి విడత ఆధిక్యముతో నాల్గవ కప్పు. ఈ వరుస చెప్పుకొని పోవుచున్నచో పంచాంగము చదివినట్లున్నది గాని, ఇందు 1951–52 ఫైనలు దగ్గర ఒక్క నిముసము నిలువక తప్పదు.

ఆ యాటలో బొంబాయి వేగపు బౌలరు దత్తూ ఫడ్కరు వేసిన బంతి ఎగిరి వచ్చి నాయుడుగారి మూతిమీద తగిలెను. పండ్లు ఊడి వికెట్టుమీద పడెను. ఆయన వయసు 56. రక్తము కారుచుండెను. చుట్టు చేరినవారిని ప్రక్కకు తొలగుమని, పడిన పండ్లను బ్యాటుతో ప్రక్కకు ఊడ్చి, ఫడ్కరును జంకక మునుపటివలెనే వేగముగ వేయుమని చెప్పి ఆట సాగించిరని ఆ యాట చూచినవారు చెప్పుకొనిరి. జట్టు ఓడినది. ఆ సంగతి నేడు ఎవరికిని జ్ఞాపకము లేదు. పండ్ల సంగతి అందరికిని జ్ఞాపకమున్నది.

1944–45 మొదలు 1952–53 వరకు 9 సంవత్సరములు నాయుడుగారు హోల్కారు జట్టును నడిపి 8 ఫైనళ్ళకు తెచ్చిరి. ఆయన వెళ్ళిన పిమ్మట కూడ జట్టు రెండు ఫైనళ్ళు ఆడి రెండును ఓడెను. 1953–54లో బొంబాయి చేతిలో. 1954–55లో ఇందోరులోనే మద్రాసు చేతిలో, 46 పరుగులతో. మద్రాసుకు అది మొదటి రంజీ కప్పు. హోల్కారుకు అది చివరి ఫైనలు. ఆ తరువాత హోల్కారు అను పేరుతో జట్టు లేదు. మధ్యభారతమై, పిదప మధ్యప్రదేశమైనది.

ఇప్పుడు గౌరవముల లెక్క. అమెరికాలో బాస్కెట్ బాల్ ఆటకు బోస్టను సెల్టిక్సు అని ఒక వృత్తి జట్టు కలదు. 1957 మొదలు 1969 వరకు 13 ఏండ్లలో 11 పర్యాయములు ఆ దేశపు ఛాంపియను పదవి పొందెను. అందు 1959 నుండి 1966 వరకు వరుసగా ఎనిమిది. 2024 నాటికి మొత్తము 18. గెలిచిన ప్రతి యేటికి ఒక జెండా చొప్పున ఆటమందిరపు కప్పునుండి వ్రేలాడదీయుదురు. ఆ 13 ఏండ్లలో 12 ఫైనళ్ళు ఆడి ఒక్కటి మాత్రమే ఓడిరి. మన దేశములో బొంబాయి జట్టు 1958–59 నుండి 1972–73 వరకు వరుసగా 15 రంజీ కప్పులు గెలిచెను. ఇట్టివారి ప్రక్కన నిలిపినచో హోల్కారువారి నాలుగు కప్పులు చిన్నవే. 10 ఫైనళ్ళలో 4 అనగా సగమునకు తక్కువే గదా అని లెక్కల మాస్టరు అనును.

మేము ఆ లెక్కను కాదనము. కాని మరియొక లెక్క చూడవలెను. బొంబాయికి సముద్రమంత నగరమున్నది. ప్రతి మైదానమునను వందలమంది పిల్లలు ఆడుచుందురు. ఒకడు తప్పుకొనిన పదిమంది సిద్ధము. హోల్కారుకు ఒక చిన్న సంస్థానము, ఒక మహారాజు అభిమానము, ఒక కర్నలు పట్టుదల. ఇంతే పెట్టుబడి. ఆ పెట్టుబడితో 11 ఏండ్లలో 10 పర్యాయములు చివరి రోజువరకు వచ్చి నిలిచిరి. ఓడిన ఆరింటిలో మూడు బొంబాయి చేతిలోనివే. చిన్న ఊరివాడు పెద్ద పట్నము వానితో మాటిమాటికి కుస్తీ పట్టి, ఒకప్పుడు పడి, ఒకప్పుడు పడవేసి, మరునాడు మరల బరిలోనికి వచ్చుటలో నున్న రుచి పట్నమువారికి తెలియదు. అది గుడివాడ వారికి తెలియును, అవనిగడ్డ వారికి తెలియును.

అయితే ఈ పెట్టుబడిలోనే లోపమును ఉన్నది. ఇది ఒప్పుకొనక తప్పదు. మహారాజు దయమీద నిలిచిన జట్టు మహారాజుతోనే పోవును. క్లబ్బులు, పాఠశాలలు, పిల్లల పోటీలు అను వేళ్ళు లోతుకు దిగియున్నచో చెట్టు కొట్టినను మరల చిగిర్చును. హోల్కారు కూలిన పిమ్మట ఆ ప్రాంతము మరల రంజీ ఫైనలుకు వచ్చుటకు 1998–99 వరకు పట్టెను. అప్పుడు కెప్టెను చంద్రకాంత పండితుగారు. కర్ణాటక చేతిలో ఓడిరి. తిరిగి 2022 జూనులో, అదే పండితుగారు శిక్షకులుగా, బెంగుళూరులో ముంబయిని 6 వికెట్లతో ఓడించి మధ్యప్రదేశము మొదటి రంజీ కప్పు గెలిచెను. హోల్కారు చివరి కప్పునకును ఆ కప్పునకును నడుమ అరువదితొమ్మిది సంవత్సరములు. ఓడించినది మరల బొంబాయినే!

ఇక బందరు తగవు. గుడివాడవారు చెప్పునది నిజమే. ఆయన నాగపూరులో పుట్టిరి, ఇందోరులో పెరిగిన జట్టును నడిపిరి, 1967 నవంబరు 14వ తేదీన ఇందోరులోనే కన్నుమూసిరి. పూర్వులు ఎన్నడో విడిచిన ఊరు మనవని కీర్తిలో భాగము అడుగుట అంత మర్యాద కాదు. బోర్డు తోటలో చెట్టుకు కాసిన కాయను విత్తనమిచ్చినవాడు వచ్చి నాదనుట వంటిది. మేము ఇన్నాళ్ళు చేసిన వాదము ఆ పాటిదే.

కాని 1953వ సంవత్సరమున జరిగిన ఒక సంగతి ఆ గుంపులో ఎవరును చెప్పుకొనరు. ఆ యేడు అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడెను. ఆ యేడే ఆంధ్ర క్రికెట్టు సంఘము పుట్టెను. 1953–54లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ పోటీలో ప్రవేశించెను. కొత్త రాష్ట్రము, కొత్త సంఘము. అనుభవము లేని కుర్రవాండ్రు. ఆ జట్టుకు కెప్టెనుగా వచ్చినవారెవరు? కొట్టారి కనకయ్య నాయుడుగారు. వయసు 58. నాలుగు రంజీ కప్పులు గెలిచి, క్రిందటి ఏడాది కలకత్తాలో విజేతగా నిలిచిన కెప్టెను. ఇందోరులో సుఖముగా కూర్చుండి పెద్దరికము వహింపవచ్చును. లేక హోల్కారుతోనే మరియొక ఫైనలు ఆడియుండవచ్చును. ఆ యేడు హోల్కారు ఫైనలుకు వచ్చినది కూడ. దానిని విడిచి, గెలుచు ఆశ లేని పసిజట్టు వెంట నడిచిరి. సుబ్బన్న నాయుడును కొంతకాలము ఆంధ్ర పక్షమున ఆడిరి.

మా వాదమును మేమిప్పుడు మార్చుకొంటిమి. ఆయన బందరువాడని చెప్పుట మానితిమి. ఆయన మన పిలుపునకు వచ్చినవాడని చెప్పుచున్నాము. దీనికి గుడివాడవారు కూడ అడ్డు చెప్పలేకున్నారు. ఏలనన, ఆ జట్టు వారిది కూడ.

అటు తరువాతను ఆయన ఊరకుండలేదు. 1956–57లో ఉత్తరప్రదేశపు కెప్టెనుగా రంజీ ఆడిరి. 61వ యేట రాజస్థానుపై 84 పరుగులు చేసిరి. వినూ మన్కడు బంతులను సిక్సర్లు కొట్టిరి. 1963–64లో 68వ యేట ఒక ధర్మార్థపు ఆటలో చివరిసారి బ్యాటు పట్టిరి. 1916 నుండి 1963 వరకు, నలుబదియేడు సంవత్సరములు! బిరుదులకేమి, కొరత లేదు. 1933లో విజ్డెను గ్రంథము వారిని ఆ యేటి ఐదుగురు ఆటగాండ్రలో చేర్చెను. 1956లో పద్మభూషణ వచ్చెను, క్రికెట్టు ఆటగానికి ఆ గౌరవము మొదటిసారి. 1994 నుండి క్రికెట్టు బోర్డువారు జీవితకాలపు సేవకు ఇచ్చు బహుమానమునకు ఆయన పేరే పెట్టిరి. మొదట దానిని పొందినవారు లాలా అమరనాథుగారు. ఇందోరు మైదానమునకు 2010లో హోల్కారు పేరు పెట్టిరి. పోయిన జట్టు పేరు ఆ గోడమీద నిలిచినది.

ఆంధ్ర జట్టు మాత్రము 1953లో ఆయన చేయిపట్టుకొని నడక మొదలిడి, 2024–25 పోటీలు ముగియువరకు రంజీ కప్పు గెలువలేదు. ఇది మా మనసులో నున్న ముల్లు. మన హైదరాబాదు సోదరులు 1937–38లోను, 1986–87లోను గెలిచిరి. మనకు ఆ దినము రావలసియున్నది. ప్రతిభ లేదని మేము అనము. సంక్రాంతి వెళ్ళి, కుప్పలు నూర్చి, చేలు ఖాళీయైన పిమ్మట దివిసీమలో ఏ ఊరికి వెళ్ళినను, కొయ్యకాళ్ళు చదును చేసి, మూడు కర్రలు పాతి, కొబ్బరిమట్టతో బంతిని కాలువ గట్టు దాటించు పిల్లలు కనబడుదురు. మట్ట పట్టిన ఆ చేతికి నిజమైన బ్యాటు అందుటకును, బ్యాటు అందిన పిమ్మట మంచి మైదానమున ఆడుటకును నడుమనున్న దూరము చాల ఎక్కువ. హోల్కారు మహారాజులు పదిమందికి ఆ దూరము తగ్గించిరి. వేలమందికి తగ్గించు పని మహారాజులది కాదు.

1973–74 నుండి మన దేశములో యువకుల జట్లకు ఒక పోటీ నడుచుచున్నది. రాష్ట్ర జట్లు ఆడును. ఆంధ్ర జట్టును ఆడును. ఆ పోటీ పేరు కర్నలు సి. కె. నాయుడు ట్రోఫీ. మొన్న నాగాయలంక రేవు దగ్గర పదమూడేండ్ల కుర్రవాడొకడు మమ్ము అడిగెను: "బాబాయిగారూ, ఆ కప్పు మనకు రావాలంటే ఎన్నాళ్ళు పడుతుందండీ?" ఎన్నాళ్ళో మేము చెప్పలేదు. బంతి ఎట్లు వేయుచున్నావో చూపుమంటిమి. వాడు ఇసుకలో పది అడుగులు వెనుకకు వెళ్ళి, పరుగెత్తి వచ్చి, లెగ్ స్పిన్ను వేసెను.